చేటంత సాలెపురుగు

పుంగనూరు శివారులో పాడుబడిన పట్టుషెడ్డు ఒకటి ఉంది. అందులో చేటంత సాలెపురుగు ఉందని, మేకపిల్లనైనా చుట్టేస్తుందని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. చూసినవాడు లేడు, చెప్పనివాడూ లేడు. గుల్జార్ బీకి ఆ షెడ్డే కావాలి. ఆమె పట్టుపురుగులు పెంచే ఇంటి కప్పు వానకు కారుతోంది. పురుగులు పండి గూళ్లు కట్టే వేళయింది. తడిస్తే పంటంతా పోతుంది. గుల్జార్ బీ సన్నగా పొడుగ్గా ఉంటుంది, మల్బరీ ఆకు కోసి కోసి వేలికొనలు నల్లబడ్డాయి. ఏ పనికైనా ముందు కొంగు బిగించి గట్టిగా ముక్కు ఎగబీలుస్తుంది. ఆ పొద్దూ అట్లే ఎగబీల్చి చీపురు అందుకుంది.

"యాల పోతావమ్మా, అది ఆడే ఉండాది," అన్నాడు షెడ్డు సొంతదారు అంజినప్ప, దూరంగా నిలబడి.

"అంత పురుగు ఏం తిని బతుకుతాదప్పా? నీ మేకలు ఒక్కటీ తగ్గలేదు గదా."

లోపలికి పోయి, దూలానికి నల్లగా గుండ్రంగా వేలాడేదాన్ని కర్రతో లాగి బయట పడేసింది. పట్టుపురుగులు గూళ్లు కట్టే పాత వెదురు చంద్రిక అది. విరిగిన పుల్లలు చుట్టూ కాళ్లలా పొడుచుకొచ్చాయి, నిండా బూజు.

అంజినప్ప దాన్ని ముట్టలేదు. "ఇది దాని గూడు. అది మేతకు పోయుంటాది."

"వస్తే నాతో చెప్పు. ఇప్పుడు జరుగు, పురుగుల తట్టలు లోపల పెట్టాల."

పొద్దు గూకేలోగా షెడ్డులో పట్టుపురుగులు దారం తీయసాగాయి. ఊరు మాత్రం సాలెపురుగు ఎటు పోయిందోనని ఇంటింటా దూలాలు చూసుకుంటోంది.