పురటాసి గిన్నెలో ఎముక

ముందు చప్పుడు వినిపించింది. టక్, టకటక్, టక్. ఎవరో చెంచాతో సుద్ద మీద తాళం వేస్తున్నట్టు. డాక్టర్ వసుమతి వరండాలోనే ఆగి, చరణం పూర్తయ్యేదాకా విని, అప్పుడు వార్డులోకి అడుగుపెట్టింది. కిటికీ పక్క మంచం మీద డొరసామి కళ్లు మూసుకుని, తన కాలి పిండికట్టునే మద్దెల చేసుకుని వాయిస్తున్నాడు.

షాకాస్‌క్రాల్ ఊరి చెరకు తోటల్లో ట్రాక్టర్ నడిపిన మనిషి. శనివారం భజనల్లో దీపం చుట్టూ అడుగులు వేసేవాళ్లకు ముందు నడిచేది ఆయనే. చెరకు బండి మీద నుంచి పడి కుడి మోకాలి కింద ఎముక విరిగింది. చలికాలం వెళ్లిపోయినా అతకలేదు. ఎక్స్‌రేలో రెండు ముక్కల మధ్య నల్లటి సందు అలాగే ఉంది. అది పూడకపోతే ఇక జీవితాంతం చేతికర్రే. దీపం ముందు అడుగు లేనట్టే.

అన్ని జాతులవాళ్లూ ఓటేసిన తొలి ఎన్నికలు జరిగి ఏడాది దాటింది. జాతికో వార్డు అన్న పాత బోర్డు పీకేసిన చోట గోడ ఇంకా తెల్లగా, ఎండ చూడని చర్మంలా ఉంది.

తుంటి నుంచి కొంచెం ఎముక తీసి ఆ సందులో పెడదామని వసుమతి అంది. ఒకటి విరిగింది చాలదా, ఇంకోటి నువ్వు విరగ్గొడతావా అని నవ్వాడాయన. అప్పుడామె కొత్తగా వచ్చిన గింజల చిన్న సీసా చూపించింది. కాల్షియం, ఫాస్ఫేటు కలిపి కొలిమిలో కాల్చినవి. ఒళ్లంతా సన్నటి రంధ్రాలు. ఎముక ఆ రంధ్రాల్లోకి తీగలా పాకి, మెల్లగా తన ఇల్లు తనే కట్టుకుంటుంది.

డొరసామి సీసాను వెలుతురుకు పట్టి చూశాడు. బొంబాయి రవ్వలా మెరిసింది.

"ఆవుదా?"

"ఏ జంతువుదీ కాదు తాతా. ఫ్యాక్టరీలో చేస్తారు."

"పురటాసి ఫాస్టింగ్‌లో ఉన్నా తల్లీ, నెలంతా నీచు ముట్టను. నోట్లోకి పోనిది కాల్లోకి ఎట్టా పోతాది, అందుకు అడిగినా."

ఆయన ఒప్పుకున్నాడు గానీ, భార్య ప్రేమీ ఒప్పుకోలేదు. ఆపరేషన్ నాడు పొద్దున్నే థియేటర్ తలుపు దగ్గర నిలబడింది. చేతిలో పసుపు గుడ్డలో చుట్టిన స్టీలు గిన్నె. పురటాసి నెలకని వేరుగా దాచుకునే గిన్నెల్లో చిన్నది, చేప వాసన ఎరగనిది.

"మీ గిన్నెలో ముందు ఎవురెవురి బోన్ కలిపినారో, నాకేం తెలుసు డాక్టర్? దీన్లో కలుపు."

వసుమతికి నవ్వొచ్చింది. థియేటర్ సిస్టర్ డోరిస్ మాత్రం నవ్వలేదు. తమ జూలూ ఇళ్లలోనూ పోయిన పెద్దలకని విడిగా ఉంచే కుండ ఉంటుందని, దాన్ని ఇంకెవరూ ముట్టరని చెప్పి, గిన్నె అందుకుని తీసుకెళ్లి, పరికరాలు శుద్ధి చేసే ఆవిరి యంత్రంలో పెట్టేసింది. ఆ గిన్నెలోనే గింజలు డొరసామి నెత్తురుతో కలిసి, కుంకుమ కలిపిన రవ్వలా ఎర్రబడ్డాయి.

నల్లటి సందు నెలనెలా మారింది. ముందు పొగమంచు పట్టినట్టు మసకగా, తర్వాత పాలవిరుగుడులా పలచగా, చివరికి అటూ ఇటూ ఉన్నంత తెల్లగా. ఏది పోసినది, ఏది పుట్టినది అన్నది వసుమతి కూడా చెప్పలేకపోయింది.

ఇదంతా రాసుకుందామని వసుమతి మరుసటి పురటాసిలో ఒక శనివారం షాకాస్‌క్రాల్ వెళ్తే, అప్పటికే దీపం వెలిగించారు. డొరసామి పంచె ఎగ్గట్టి వరసకు ముందు నిలబడి ఉన్నాడు. కాలు నొప్పి పెడుతోందా అని ఆమె కూర్చుని అడిగిన ప్రశ్న ఆయన వినిపించుకోనే లేదు.

"రాసేది తర్వాత రాసుకో. లేసి నా ఎనకాల నిలబడు. కుడికాలు ఫస్ట్."