బంగ్లా ఎన్ని గజాలు?

నారపల్లిలో మా పొలం ప్లాట్ల వెంచర్ అయ్యాక నాన్న ఉప్పల్లో మూడంతస్తుల ఇల్లు కట్టాడు. అప్పటినుంచి ఆయన కళ్లకు మనుషులు ఆనడం మానేశారు. ఎటు చూసినా గజాలే. అలాంటి మనిషి దగ్గరికెళ్లి, నాచారం ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఒంటిగదిలో అద్దెకుండే అబ్బాయిని పెళ్లి చేసుకుంటానన్నాను.

"సొంత జాగ లేనోనికి నా బిడ్డనిస్తనా?" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఇక మా ఇద్దరికీ మాటలు బంద్.

నాన్నకు పాత సినిమాలంటే ప్రాణం. అదే పట్టుకుని ఒక ఉపాయం వేశాను. వెతికి వెతికి ఒక నలుపు తెలుపు సినిమా దొరకబుచ్చుకున్నాను. కోటీశ్వరుడి కూతురు, బీద మెకానిక్కు, అడ్డంపడే తండ్రి, కావలసినంత నవ్వులాట. చివర్లో తండ్రికి బుద్ధొస్తుంది. మా నాన్నకు మాత్రం రాకపోతుందా అని శనివారం మధ్యాహ్నం టీవీలో పెట్టి, బుద్ధిమంతురాలిలా పక్కన కూర్చున్నాను.

"జర ఆపు," అన్నాడు మొదట్లోనే, మాటలు బంద్ సంగతి మరిచి. హీరోయిన్ మెట్లు దిగుతోంది. ఈయన చూస్తున్నది మెట్లను. "ఈ బంగ్లా ఎన్ని గజాలుంటదే? కార్నర్ బిట్టు లెక్కుంది."

ప్రేమికులు తోటలో పాడుకుంటుంటే, "గింత జాగ ఖాళీగ పెట్టిన్రు, పిచ్చోళ్లు," అని తెగ బాధపడిపోయాడు. నవ్వాపుకోలేక అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. అది చాలదన్నట్టు, సినిమాలో తండ్రి మెకానిక్కును గెంటేయగానే తొడ చరిచి, "శభాష్! తండ్రంటే గిట్లుండాలె!" అన్నాడు. ఛీ, నా గొయ్యి నేనే తవ్వుకున్నాను!

తెరమీద కూతురు కట్టుబట్టలతో ఇల్లు విడిచింది. కోటీశ్వరుడు పొడవాటి బల్ల ముందు ఒక్కడే భోజనానికి కూర్చున్నాడు. నవ్వించడానికి తీసిన సీనే అది, వంటవాడు వెనక కోతివేషాలు వేస్తున్నాడు. నాన్న నవ్వలేదు.

"గంత పెద్ద బల్లేసుకొని ఒక్కడే ఏం దింటడే?" అన్నాడు మెల్లగా.

"గజాలు దింటడు," అంది అమ్మ.

ఇంకెప్పుడైనా అయితే ఇల్లెగిరిపోయేది. ఆయన ఆ బల్ల చుట్టూ ఉన్న ఖాళీ కుర్చీలనే చూస్తున్నాడు. సినిమాలో తండ్రి మారి, కూతుర్ని దగ్గరికి తీసుకున్నా శభాష్ అనలేదు. నాకు భయమేసింది. ఈయన కాదంటే ఆ పిల్లలా వెళ్లిపోగలనా? పోలేను. ఈ గజాల పిచ్చోణ్ణి వదిలి ఎక్కడికీ పోలేను. ఆపుకోలేక ఏడ్చేశాను.

నాన్న లేచి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"రేపు ఐతారం గదా. మటన్ దుకాణంల తలకాయ కూరకు చెప్పొస్త. ఆ పిలగాడు తింటడా?"

ఆ అబ్బాయి పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టలేదు.

"మస్తు తింటడు నాన్నా," అన్నాను వెక్కుతూనే.