సవరణ చీటీలు అంటించే సత్యలక్ష్మి

అనకాపల్లి కోర్టు దగ్గర ప్లీడర్ల లైబ్రరీలో అటెండరుగా చేరేనాటికి సత్యలక్ష్మికి ముప్ఫై ఆరేళ్లు. పదో తరగతి పాసయింది. అప్పటిదాకా మాడుగుల వైపు సొంత చెరుకు తోటలో పని చేసుకునేది. ఉద్యోగమంటే గది ఊడవడం, బీరువాలు తుడవడం, కుండలో నీళ్లు పట్టడం అని చెప్పారు. ఎవరూ చెప్పని పని ఇంకొకటి ఉంది. రాజ్యాంగాన్ని ఎప్పటికప్పుడు సవరించి పెట్టాలి.

లైబ్రరీలో రాజ్యాంగం తెలుగు ప్రతి ఒకటే ఉంది. సవరణ వచ్చిన ప్రతిసారీ కొత్త పుస్తకం కొందామని ఎవరికీ తోచలేదు. సీనియర్ ప్లీడరు దేవీప్రసాద్ గారు గెజెట్ చూసి, మారిన వాక్యాన్ని తెలుగులో టైపు చేయించి ఇచ్చేవారు. ఆమె దాన్ని కత్తిరించి సరైన చోట అంటించాలి.

"చీటీకి ఒక అంచుకే జిగురు రాయి. పైకెత్తితే కింద పాతది కనిపించాలి," అన్నారాయన మొదటిరోజు.

"పాతది పోయిందన్నారు కదండీ. మరెందుకండి?"

"పాత కేసులు పాత మాట మీదే నడుస్తాయమ్మా."

అంటించిన ప్రతి చీటీనీ ఆమె చదివేది. ఇష్టం ఉండి కాదు, తలకిందులుగా అంటించకూడదని.

రెండు వేల పధ్నాలుగులో రాష్ట్రం రెండయింది. ఆ చీటీ మామూలు చీటీలకన్నా పెద్దదేమీ కాదు. మొదటి షెడ్యూలులో ఆంధ్రప్రదేశ్ ఎదుట నాలుగు మాటలు చేరాయి, రాష్ట్రాల జాబితా చివర తెలంగాణ అని ఒక వరుస వచ్చింది. సత్యలక్ష్మి దాన్ని అంటించి, ఆరేదాకా పైన నిఘంటువు పెట్టింది.

జూలై నెలలో ఒక మధ్యాహ్నం అక్క దుర్గాలక్ష్మి ఫోను చేసింది. అక్కది గోదావరి ఒడ్డున కూనవరం. ఆమె భర్త బంగారయ్య అక్కడ కిరాణా కొట్టు నడుపుతాడు.

"సత్యా, నువ్వు ఆ పుస్తకాల కాడే కదా ఉంటావు. మేం ఏ రాట్రంలో ఉన్నామో సూసి సెప్పు."

"ఊల్లో ఏటంటన్నారు?"

"మీ బావ తెలంగాణా అంటన్నాడు. కొట్టుకొచ్చినోల్లు కాదంటన్నారు. మొన్నటిదాకా కమ్మం జిల్లా. మేం ఎక్కడికీ కదల్నేదే."

"ఫోను పెట్టీ అప్పా. సూసి మల్లీ సేత్తాను."

పుస్తకం తెరిచి చూస్తే సూచన ఉంది గాని సమాధానం లేదు. షెడ్యూలులో ఊళ్ల పేర్లు లేవు. ఫలానా చట్టం మూడో సెక్షన్‌లో చెప్పిన ప్రాంతం అని మాత్రం ఉంది. ఆ చట్టం లైబ్రరీలో లేదు. దేవీప్రసాద్ గారు నాలుగు రోజుల్లో ప్రతి తెప్పించారు. ఆ చట్టానికీ అప్పుడే ఒక సవరణ వచ్చేసింది. ఖమ్మం జిల్లాలో ఆంధ్రకు వచ్చే మండలాల పేర్లు అందులో ఉన్నాయి. సత్యలక్ష్మి వాటిని తన చేత్తో ఒక చీటీ మీద రాసి షెడ్యూలు పక్కన అంటించి, అక్కకు ఫోను చేసింది.

"ఆంద్రాలోనే ఉన్నారప్పా."

"మరి తెలంగాణాలో ఎన్నాల్లున్నాం?"

"ఒక్కరోజూ నేరు. జూన్ రెండున రాట్రం ఇడిపోకముందే మార్చీసేరు."

"మీ బావ నెల్రోజులై ఉన్నాననుకుంటన్నాడు."

"అనుకున్నాడంతే."

అప్పుడు అక్క, "మమ్మల్ని ఎవులూ అడగనేదే," అంది.

సత్యలక్ష్మి ఆ మాటే మర్నాడు దేవీప్రసాద్ గారిని అడిగింది.

"రాష్ట్రాన్ని విడదీయడానికి పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు. అసెంబ్లీ అభిప్రాయం అడుగుతారు. వద్దన్నా ఆగదు," అన్నారాయన.

"సవరణకి ఓటేసినోల్లలో మూడింట రెండొంతులు కావాలన్నారు కదండీ?"

"కావాలి. కొన్నింటికి సగం రాష్ట్రాల అసెంబ్లీలు కూడా ఒప్పుకోవాలి. కాని ఇది సవరణ కాదు."

"పుస్తకంలో మాటలు మారేయి కదండీ. నేనే అంటించేను."

"మారినా సవరణ అనుకోకూడదని నాలుగో అధికరణలో రాసి ఉంది."

ఆమె నాలుగో అధికరణ తీసి చూసింది. అలాగే రాసి ఉంది.

"అయితే రాట్రం అంటే ఏటండి?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "దేశానికి నాలుగు ఉండాలమ్మా. నేల, జనం, ప్రభుత్వం, ఇంకొకరి మాట వినక్కర్లేని అధికారం. రాష్ట్రానికి ఆ నాలుగోది ఉండదు. అందుకే దాని గీత జరపొచ్చు."

ఈ సంగతి ఫోనులో చెబితే అక్క అంతా విని, "నేలా జనం మాయే కదే," అంది.

రెండు వేల ఇరవై రెండు ఏప్రిల్లో అనకాపల్లి జిల్లా అయింది. ప్లీడర్ల సంఘం కార్యదర్శి త్రినాధరావు మాడుగుల హల్వా పంచిపెట్టి, ఆ సంగతి కూడా పుస్తకంలో అంటించమన్నాడు. సత్యలక్ష్మి రెండు రోజులు వెతికింది.

"పుస్తకంలో నాగాలాండ్ ట్యూన్‌సాంగ్ జిల్లా పేరుందండి. అనకాపల్లికి సోటు నేదండి," అంది.

"అదేం జిల్లా? మనకెందుకు లేదు?"

జిల్లాల సంగతి రాష్ట్ర ప్రభుత్వం చూసుకుంటుందని దేవీప్రసాద్ గారు చెప్పాక అతను మిగిలిన హల్వా తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ జూలైలో గోదావరి పొంగింది. కూనవరంలో కొట్టూ ఇల్లూ మునిగాయి. బంగారయ్య అక్కడే ఒక మేడ మీద ఉండిపోయాడు. దుర్గాలక్ష్మి రెండు సంచులతో చెల్లెలి దగ్గరికి వచ్చింది. వారం గడిచాక ఒకరోజు, "ఆ పుస్తకం ఓపాలి సూత్తానే," అంది.

సత్యలక్ష్మి లైబ్రరీకి తీసుకెళ్లి పేజీ తీసి చూపించింది. దుర్గాలక్ష్మి వేలు పెట్టి మెల్లగా చదివింది.

"సింతూరు. మా తోటికోడలు ఊరు. కూనవరం. ఇదేనా మాది?"

"అదేనప్పా."

"ఒక్క మాటేనా?"

"ఒక్క మాటే."

దుర్గాలక్ష్మి ఆ మాట మీంచి వేలు తీయలేదు. ఎనిమిదేళ్లుగా ఆ చీటీ దుమ్ము దులుపుతున్నా, అది అక్కకు ఇంటి పేరులాంటిదని సత్యలక్ష్మికి అప్పటిదాకా తోచలేదు. కుర్చీ లాగి అక్కను కూర్చోబెట్టి, పక్కనే నిలబడింది. ప్లీడర్లు ఒకరిద్దరు వచ్చి, ఆ పుస్తకం కావాలని అడగకుండా వెళ్లిపోయారు.

వరద తీశాక అక్క రాజమండ్రి మీదుగా బస్సులో వెళ్లింది. చేరాక ఫోను చేసింది. గోడలు నిలబడ్డాయట. కొట్టు తలుపు మాత్రం కొట్టుకుపోయింది, కొత్తది చేయిస్తున్నారు.