రేకు వాలు

మా మేనమామకు తెలియని విషయం ఈ లోకంలో లేదు. గద్వాలలో పంక్చర్ దుకాణం నడుపుతాడు. చేతిలో పని లేనప్పుడు ఫోన్‌లో కార్ల రేసులు చూస్తాడు. ఏ కారు టైరు ఎందుకు అరిగిందో, ఏ డ్రైవరు ఏ మలుపులో తొందరపడ్డాడో అక్కడి నుంచే తీర్పు చెప్పేస్తాడు. ఆయన నుంచి ఆ పిచ్చి ఆటో నడిపే మా నాన్నకు అంటుకుంది, నాన్న నుంచి మా ఊరు వీపనగండ్ల ఆటో స్టాండుకంతా పాకింది. ఆదివారం సాయంత్రం రేసు ఉందంటే ఒక్క ఫోను చుట్టూ తలలన్నీ దగ్గరికొస్తాయి. ఎవరైనా వచ్చి వనపర్తికి పోవాలన్నా "జర ఆగన్నా, అయిపోవచ్చింది" అంటారు.

ఇంత మోజున్న మనుషులు, నేను రేసు కారు నడుపుతానని చెప్పేసరికి మాత్రం బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయారు.

అప్పుడు నేను హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. మా కాలేజీ పిల్లలం కొందరం కలిసి ఒక్కరే కూర్చునే చిన్న రేసు కారు ఒకటి తయారుచేశాం. తమిళనాడులో కాలేజీల మధ్య జరిగే పోటీకి దాన్ని తీసుకెళ్లాలి. ముందూ వెనకా ఉండే రెక్కల పని నాది. నడిపి చూసినవాళ్లందరిలో నేనే మెరుగ్గా నడిపానని, పోటీలో కూడా నువ్వే నడుపు అన్నారు. ఆ సంతోషం మోసుకుంటూ బస్సెక్కి ఊరికొచ్చాను. అన్నం ముందు కూర్చున్నప్పుడు చెప్పాను. నాన్న ముద్ద కలుపుతూనే "వద్దు బిడ్డా" అన్నాడు.

ఆయన భయం నాకు తెలియనిది కాదు. అంతకుముందు ఏడాది ఒక పెళ్లివాళ్లను నాగర్‌కర్నూల్‌లో దింపి ఖాళీ ఆటోతో తిరిగొస్తుంటే ఒక మలుపులో బండి పక్కకు పడిపోయింది. మణికట్టు విరిగింది. కట్టు విప్పాక మళ్లీ ఆటో ఎక్కాడు గానీ, అప్పటి నుంచి ప్రతి మలుపు ముందూ వెనక్కి తిరిగి "లోపలి దిక్కు ఒంగుండ్రి" అంటాడు. వెనక కూర్చున్నవాళ్లంతా, బుట్ట పట్టుకున్న ముసలమ్మతో సహా, ఒకేసారి లోపలికి ఒరుగుతారు. కొన్నాళ్లకు ఆయన చెప్పకముందే ఒరగడం మొదలుపెట్టారు. మా దారిలో కొత్తగా ఎక్కినవాళ్లు ఇదేం భజన అనుకునేవారు.

"జోరుగ పోయినకొద్ది బండి లేస్తది. నడిపేటోన్ని, నాకు తెల్వదా?" అన్నాడు నాన్న ఆ రాత్రి.

"రేసు కారు లేవదు నాయినా. జోరుగ పోయినకొద్ది నేలకు అతుక్కుంటది."

"రెక్కలు పెట్టినమంటివి గదా. రెక్కలున్నది ఎగురుతదా, అతుక్కుంటదా?"

నాకు ముక్కుమీద కోపం. చదువుకున్న మాటలన్నీ ఆయన మీద కుమ్మరించాను. కాగితం తెచ్చి బాణాలు గీశాను. విమానం రెక్కను బోర్లా తిప్పితే అది పైకి లేపే బదులు కిందికి నొక్కుతుందన్నాను. నాన్న శాంతంగా విని, "విమానాన్ని బోర్ల తిప్పితే ఏమైతదో నాకైతే తెలుసు" అన్నాడు. అమ్మ నవ్వు ఆపుకోవడానికి గిన్నెలు తీసుకుని లోపలికెళ్లింది. వచ్చే సోమవారం లోపల జట్టుకు ఏదో ఒక సంగతి చెప్పాలి. నేను కాదంటే ఇంకొకరు సిద్ధంగా ఉన్నారు.

మర్నాడు నాన్నే నన్ను స్టాండుకు తీసుకెళ్లాడు. ఒప్పుకోవడానికి కాదు, పది మంది చేత వద్దనిపించడానికి. మామ కూడా గద్వాల నుంచి దిగాడు. కబురు పంపింది నాన్నేనని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. స్టాండులో నా కేసు విచారణకొచ్చింది. వెనక రెక్క కంపెనీల పేర్లు రాసుకోవడానికని ఒకాయన, బండి ఆగిపోతే తోయడానికి పట్టుకునేందుకని ఇంకొకాయన. మామ ఇద్దరినీ కొట్టిపారేసి, "షోకు కోసం పెడతరు, ఇంకేం లేదు" అని తేల్చేశాడు.

ఈసారి బాణాలు గీయలేదు. వాళ్ల బండ్ల మీదే మొదలుపెట్టాను. "పక్క నుంచి పెద్ద లారీ జోరుగ పోతే మీ ఆటో ఎటు పోతది?" అన్నాను.

"లారీ దిక్కే గుంజుతది," అన్నారు ముగ్గురు నలుగురు ఒక్కసారే. ఒకాయన చేత్తో హ్యాండిల్ తిప్పి కూడా చూపించాడు.

లారీకీ ఆటోకీ మధ్య ఇరుకులో గాలి ఉరుకుతుంది. ఉరికే గాలికి నొక్కే బలం తగ్గుతుంది. అవతలి పక్క నిమ్మళంగా ఉన్న గాలి ఆటోను ఆ ఖాళీలోకి తోస్తుంది. రేసు కారు అడుగుభాగం నేలకు బెత్తెడు ఎత్తులో ఉంటుంది. ఆ ఇరుకులోనూ గాలి అలాగే ఉరుకుతుంది, పైనున్న గాలి కారును నేలకేసి ఒత్తుతుంది. అంటే లారీ పక్కకు గుంజినట్టే, రోడ్డు కారును కిందికి గుంజుకుంటుంది. ఇలా చెబుతుంటే చాయ్ గ్లాసులు చేతుల్లోనే ఆగిపోయాయి. ఆ క్షణంలో నాకెంత గర్వం కలిగిందో చెప్పలేను.

మామకు వేరే కడుపుమంట ఉంది. "మరి వెనకున్నోడు అంత దగ్గరికొచ్చి గూడ ముందలికి పోడేంది? ప్రతి ఆదివారం నాకు బీపీ లేస్తది."

లారీ వెనకాలే పోతుంటే ఆటోకు ఎక్సిలేటర్ తక్కువ పడుతుంది కదా అన్నాను. అవునన్నారు. ముందున్న బండి గాలిని చీల్చేస్తుంది కాబట్టి తిన్నటి దారిలో వెనకవాడికి సుఖం. కానీ ఆ చీలిన గాలి చెదిరిపోయి, సుడులు తిరుగుతూ వెనకవాడి రెక్క మీదికొస్తుంది. రెక్కకు సరైన గాలి తగలక నొక్కు తగ్గుతుంది. మలుపు రాగానే టైరు జారుతుంది, వాడు వెనక్కి తగ్గక తప్పదు. అందుకే దగ్గరికొచ్చి కూడా దాటలేక అల్లాడుతుంటాడు.

"హౌదా!" అన్నాడు మామ. ఆశ్చర్యం వేస్తే ఆయనకు కన్నడం వస్తుంది. గద్వాలకు రాయచూరు దగ్గర కదా.

అందరూ నా వైపు తిరిగారు, నాన్న తప్ప. "కింద సంగతి సరే. పైన రెక్క నొక్కుతదని ఎట్ల నమ్మాలె? కండ్లతోని చూడంది నేనొప్ప" అన్నాడు. దానికి మామ తొడ చరిచి, "చూపిస్తం బావా! రేపే!" అన్నాడు. రేకు వెనక ఎత్తు, ముందర పల్లం పెట్టి కట్టాలని మామకు నేను చెప్పాను. ఆయన తల ఊపాడు కూడా.

మర్నాడు ఆదివారం. నేనూ అమ్మా చర్చి నుంచి వస్తుంటే నాన్న ఆటో ఊరి బయట ఖాళీ రోడ్డు మీద అప్పుడే కదులుతోంది. పైనున్న క్యారియర్ మీద కోళ్ల షెడ్డుది పాత రేకొకటి తాళ్లతో కట్టి ఉంది. ముందువైపు చెక్క దిమ్మ పెట్టి ఎత్తు లేపారు, వెనకవైపు పల్లం. "ఆపుండ్రి! ఉల్టా కట్టిండ్రు!" అని చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తాను. ఇంజను మోతలో ఎవరికి వినిపిస్తుంది? ఆటో వేగం అందుకుంది. రేకు కింద గాలి దూరింది. తాళ్లు టప్పున తెగి, రేకు గాల్లో ఒక పిల్లిమొగ్గ వేసి, పల్లీ పీకేసిన చేన్లో దూరంగా పడింది. అటువైపు మనిషి లేడు, గొడ్డు లేదు, దేవుని దయ.

"గిదేంది మామా? వెనక ఎత్తు పెట్టమంటి గదా!"

"దుకాణం పెట్టకముందు ఎన్ని షెడ్లు కట్టిన్నో నీకేమెరుక కోడలా! వాలు ఎప్పుడైన వెనక్కే. ముందలికి పెడితే వాన నీళ్లన్ని వాకిట్ల పడయా?"

ఎండ మాడుతోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు, ఆటోకు వాకిలి లేదు. అయినా ఆయన చేతులు రేకును పట్టుకోగానే వాటి అలవాటు అవి చేసేశాయి. ఇంకొకప్పుడైతే పడీ పడీ నవ్వేదాన్ని. కానీ నాన్న ఆటో దిగి, చేన్లో పడ్డ రేకు వైపు చూస్తూ నిరుడు విరిగిన మణికట్టును రెండో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "చూసినవా బిడ్డా" అన్నాడు. ఆ మాటలో తను గెలిచానన్న గర్వం ఏ కోశానా లేదు. నా పోటీ ఆ చేన్లోనే పడిపోయిందనుకున్నాను. ఏడుపొచ్చింది, మామ మీద కోపమూ వచ్చింది. రెండింటిలో ఏది ముందు బయటపెట్టాలో తెలియక నిలబడ్డాను.

అప్పటిదాకా ఈ గొడవలో ఒక్క మాట మాట్లాడనిది అమ్మ. ఆమెను ఎవరూ అడగలేదు కూడా. చేన్లోకి నడిచి వెళ్లి, రేకును తలమీద పెట్టుకుని తెచ్చింది. నాన్న, అమ్మ నా చిన్నప్పుడు ఊళ్లు పట్టుకు తిరిగి రోడ్లేసిన మనుషులు. తట్టలు మోసిన తలకు రేకు ఒక లెక్క కాదు.

"తమ్ముడు కట్టింది జూస్తిరి. ఇప్పుడు పిల్ల చెప్పినట్ల కట్టి జూడుండ్రి," అంది. "వెనక తాడు దేనికి కట్టకుండ్రి. నా చేతికియ్యిండ్రి. లేస్తదో, నొక్కుతదో నేను చెప్త."

ఈసారి నేనే కట్టాను. ముందు అంచు క్యారియర్ కడ్డీకి రెండు వరసలు బిగించాను. వెనక అంచు కింద దిమ్మ పెట్టాను. వెనక నుంచి వేలాడే తాడును అమ్మ రెండు చేతులకూ చుట్టుకోబోతే, చుట్టుకోవద్దు, ఉత్తగా పట్టుకో అన్నాను. నేను ఆమె పక్కన కూర్చున్నాను. మామను రోడ్డు మీదే దింపేశాం.

నాన్న మెల్లగా పోనిచ్చాడు. "ఏం లేదు. రేకు దడదడమంటున్నది, తాడు గుంజి పట్టుకున్న" అంది అమ్మ. కొంచెం వేగం పెరిగింది. దడదడ ఆగింది. ఇంకొంచెం పెరిగింది. పైన దిమ్మ కిర్రుమంది. అమ్మ చేతుల్లో బిగుతుగా ఉన్న తాడు కాస్త సడలి గాలికి ఊగడం మొదలుపెట్టింది.

"వెనక ఎవలన్న ఎక్కిండ్రా ఏంది?" అన్నాడు నాన్న, "బండి కిందికి కూసున్నట్లు అనిపిస్తున్నది."

అమ్మ తాడు వదిలేసి రెండు అరచేతులూ ముందుకు చాపింది, నాన్న అద్దంలో కనిపించేలా. ఆ ఖాళీ చేతులను నాన్న చాలాసేపు చూశాడు. ముందు రోడ్డు చూడమని నేనే చెప్పాల్సి వచ్చింది.

మలుపు దగ్గరపడుతుంటే అలవాటుగా వేగం తగ్గించాడు. రేకు మళ్లీ దడదడలాడింది. ఎవరూ చెప్పకుండానే అమ్మ తాడు అందుకుంది. మేం ముగ్గురం లోపలికి ఒరిగాం. మలుపు దాటాక నాన్న ఆటో పక్కకు ఆపాడు.

"అంటే మెల్లగ పోతే నొక్కదన్న మాట."

"నొక్కదు నాయినా. అప్పుడు టైరు మీదనే ఆధారం. జోరున్నప్పుడే రెక్క పనిచేస్తది. జోరుగ మలుపులకు పోయి, నడుమల భయపడి ఎక్సిలేటర్ మీది కాలు తీస్తేనే ముప్పు." ఆటోకు మాత్రం ఇది చాలదని, మా కారు పొట్టిది, వెడల్పుదని కూడా చెప్పాను. రేపు నాన్న ఈ రేకును నమ్ముకుని మలుపులో ఉరికితే నాకు దిక్కెవరు?

నాన్న క్యారియర్ దగ్గరికెళ్లి నేను కట్టిన ముడి లాగి చూశాడు. మళ్లీ లాగాడు. "ఆ రెక్క బోల్టులు నువ్వే బిగించుకో," అన్నాడు. "ఇంకెవలకు ఇయ్యకు."

అదే ఆయన సరే అనడం. నేను అక్కడే రోడ్డు మీద ఏడ్చేశాను. ఈసారి ఏడుపులో కోపం లేదు.

పోటీలో మేం గెలవలేదు. జట్ల వరసలో మధ్యన ఎక్కడో నిలిచాం, ఆఖరి రోజు చక్రాలు తిప్పే గొలుసు తెగింది. కానీ ఆ పోటీ దారిలో ఎడమకు తిరిగే ఒక పొడవాటి మలుపుంది. మొదటిసారి అందులోకి వెళ్లినప్పుడు ఒళ్లంతా కాలు తియ్యి, కాలు తియ్యి అని మొత్తుకుంది. లోపలికి ఒరగాలని కూడా అనిపించింది, వీపనగండ్ల అలవాటు. అప్పుడు అద్దంలో అమ్మ చేతులు గుర్తొచ్చాయి. కాలు అలాగే ఉంచాను. ఎవరో వీపు మీద చెయ్యేసి అదిమినట్టు కారు నేలకు కూర్చుని, గీత గీసినట్టు తిరిగింది.

సాయంత్రం ఫోన్ చేస్తే స్టాండంతా లైన్‌లో ఉంది. మామ టైర్లు ఏ కంపెనీవని అడిగాడు. ఎవరో గెలిచినమా అని అడిగితే, ఎవరో వాళ్ల నోరు మూయించారు. ఆ గోలలోంచి నాన్న గొంతు దగ్గరికొచ్చింది. దెబ్బలేమైనా తగిలాయా అంటాడేమోనని జవాబు సిద్ధం చేసుకున్నాను.

"బిడ్డా, మలుపుల కాలు తియ్యలేదు గదా?" అన్నాడు.

"తియ్యలేదు నాయినా" అన్నాను.