హారిక కంటే ముందు బడికి చేరిన ఫొటో

ఆదివారం పదకొండు గంటలకు నా మేనకోడలు హారిక గుండు ఫొటో వాళ్ల తరగతి తల్లిదండ్రుల గ్రూపులోకి చేరింది. అప్పటికి ఆ పిల్ల ఒంటిమిట్ట కల్యాణకట్టలో తల మీద నీళ్లు పోసుకుంటోంది.

ఈ ప్రయాణానికి కారణం ఒక మొక్కు. పోయిన వానాకాలం హారికకు డెంగీ వచ్చింది. పిల్ల బయటపడితే తలనీలాలు ఇప్పిస్తానని నా చెల్లెలు శైలజ ఆస్పత్రిలోనే మొక్కుకుంది. సెలైన్ సూది గుచ్చిన చేతి ఫొటో తీసి, ఆ మొక్కు సంగతి అప్పుడే ఫోన్ స్టేటస్‌లో పెట్టింది కూడా. హారికకు ఇప్పుడు పదమూడేళ్లు. మూడు కత్తెర్లు ఇస్తే చాలదా అని అడిగింది. ఆడవాళ్లు చాలామంది అంతే ఇస్తారు. "గుండు అని అందరికీ చెప్పేసినా కదన్నా, ఇప్పుడు మూడు కత్తెర్లంటే ఏమనుకుంటారు?" అంది శైలజ. నాకు చిరాకేసింది. దేవుడికైతే ఏదో ఒకటి చెప్పుకుంటుంది, ఫోన్లో చూసేవాళ్లకు ఏం చెప్పాలన్నదే ఆమె బాధ. చివరికి హారికే ఒక షరతు మీద ఒప్పుకుంది. ఫొటో ఎక్కడా పెట్టకూడదు. శైలజ సరేనంది. మా ఇళ్లలో మేనమామ లేకుండా కత్తెర పెట్టించరు కాబట్టి నేనూ బయల్దేరాను.

ఉదయం ఐదింటికి కర్నూలులో అద్దె కారు ఎక్కాం. డ్రైవరు ఖాజా మా పేటవాడే. బస్సులో వచ్చేవాళ్లు కడపలో దిగి రాజంపేట బస్సు ఎక్కితే ముప్పావుగంటలో ఒంటిమిట్ట చేరవచ్చు. ఓర్వకల్లు రాళ్ల దగ్గర తెల్లారింది. శైలజ రాళ్లను వీడియో తీసి, ఫోను కూతురి వైపు తిప్పింది. హారిక చున్నీ మొహం మీదికి లాక్కుంది. నేను నోరు తెరిచేలోపే ఖాజా అన్నాడు, "పాప ఆస్పత్రిలో ఉన్నప్పటి ఫొటో నేనూ చూసినా సార్. మా ఇంట్లో ఆడోళ్లు శానా దువా చేసినారు." అనాలనుకున్న మాట మింగేశాను. హారిక నాన్న ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తూ నెలకోసారి ఇంటికొస్తాడు. ఆయన చూడాలనే శైలజ ఈ ఫొటోలు మొదలుపెట్టింది. తర్వాత చూసేవాళ్లు పెరిగారు.

ఆళ్లగడ్డలో బొరుగుల ఉగ్గాని, బజ్జీల కోసం ఆగాం. ఖాజాతో కలిపి నలుగురికీ రెండువందల్లోపే అయింది. శైలజ ప్లేటును అటూ ఇటూ తిప్పి ఫొటోలు తీస్తుంటే బజ్జీలు వేస్తున్న పెద్దామె అంది, "ఫోనుకు తినిపించినావు సరే, పాపకూ పెట్టు తల్లీ. సల్లారిపోతాండాది." హారిక నవ్వింది. ఆ రోజు అదొక్కసారే అంత గట్టిగా నవ్వడం.

సోమవారం బడి ప్రార్థనలో వార్తలు చదివే వంతు హారికది. మైదుకూరు దాటేదాకా నాతో శీర్షికలు చెప్పించుకుంది.

"ఆఖర్న నా వార్త కూడా చెప్తా మామా. చున్నీ తీసి నేనే చెప్తా, ఎవరూ అడగకముందే."

"ముఖ్యాంశమా?"

"అంత లేదులే. స్థానికం."

పదింటికి ఒంటిమిట్టలో దిగాం. సెలవు రోజు కావడంతో కల్యాణకట్ట దగ్గర వరుస ఉంది. మొదటి కత్తెర వేసేటప్పుడు ఆ జుట్టు నేనే పట్టుకున్నాను. హారిక కళ్లు మూసుకుంది గానీ ఏడవలేదు. ఏడ్చింది శైలజే. కళ్లు తుడుచుకుని, "వాళ్ల నాయనకు ఒక్కటే అన్నా" అంటూ ఫోను తీసింది. తీసిన ఫొటోను అలవాటుగా స్టేటస్‌లో పెట్టింది. హారిక సహవిద్యార్థి తల్లి ఒకామె దాన్ని చూసి, దండం గుర్తు చేర్చి, తరగతి గ్రూపులో పంచింది. హారిక తల తుడుచుకుంటూ వచ్చేసరికి శైలజ ఫోను చూపించింది. "చూడు, మీ క్లాసోళ్ల అమ్మలందరూ ఎంత బాగా రాస్తాండారో!"

హారిక చూసింది. దర్శనమయ్యాక ప్రసాదం నా చేతిలో పెట్టి కారెక్కింది.

చాగలమర్రి దగ్గర శైలజ మెల్లగా అంది, "తీసేసినాలే."

"యాడ నుంచి? నీ ఫోన్లో నుంచా?" అంది హారిక.

ఖాజా పాటలు ఆపేశాడు.

ఫొటో చూసినవాళ్లలో ఒక్కరు కూడా చెడ్డమాట అనలేదు. శైలజకూ కూతురిని నొప్పించాలని లేదు. కానీ ఆ పిల్ల తానే చెప్పాలని దాచుకున్న మాట ఇప్పుడు తన దగ్గర లేదు, తీసేసిన ఫొటోతో పాటు వెనక్కి రాలేదు కూడా. ఒంటిమిట్టలో పిల్లల మొక్కు తీర్చేవాళ్లకు ఒక సూచన: ఇంటి నుంచే మెత్తటి నూలు తువ్వాలు తీసుకెళ్లండి. కొత్త గుండుకు ఎండ మంట ఎక్కువ. మేం మర్చిపోయాం, హారిక దారంతా చున్నీ తడిపి కప్పుకుంది.

కర్నూలులో దిగేటప్పుడు, ఆఖరి వార్త ఉంటుందా అని అడిగాను. "పాతబడిపోయింది కదా మామా" అంది.

సోమవారం ఎనిమిదింటికి బడి బస్సు వస్తుంది. తొమ్మిదికి ప్రార్థన. వార్తలు చదవాల్సింది హారికే.