రాణి చేతికి ఊడొచ్చిన చెట్టు

ఏయ్, ముందే నవ్వకుర్రి! నేనింక చెప్పనే లేదు గద. చాయ్ గ్లాసు జర గట్టిగ పట్టుకోర్రి, మీద పోసుకుంటే నన్ననొద్దు. మొన్న ఏమైందో తెల్సా? నా చేతుల మైకు, నా నోటి మాట, ఊరంత నా ముందట! గా నోటితోనే మా డేరా టాకీసును కూలగొట్టినంత పని జేసిన. అయినా నేనేం తప్పు జెయ్యలే. గిది ఇప్పుడే చెప్తున్న, ఆఖరికి గూడ గిదే చెప్త.

నేను హాలియాల డేరా పడ్డప్పుడు అందుల చేరిన. బండికి రెండు దిక్కుల సినిమా బొమ్మలు కట్టుకోని, మైకు పట్టుకోని ఊరూరు తిరుగుడు నా డ్యూటీ. సాయంత్రం ఆటల గూడ నేనే కావాలె. మా డేరాకు ఒక్కటే మిషిను. ఒక రీలు ఒడువంగనే లైటేసి, గది దించి ఇంకోటి ఎక్కియ్యాలె. గా సందుల జనం ఈలలేసి లొల్లి చెయ్యకుంట నేను మైకుల మాట్లాడుతుండాలె. ఎవరి పిల్ల తప్పిపోయింది, రేపు ఏ సినిమా, బీడీలు ఆర్పి పారెయ్యుర్రి... గిసుంటియన్ని.

గా కొలువంటే నాకు పానం. ఎందుకంటె, అంతకు ముందు నేను మా ఊరి సర్పంచు పటేలు దగ్గర కూలికి పోయెటోన్ని. "ఏరా యాదిగా, ఇటు రారా" అంటె ఉరుకాలె. మైకు పట్టినంక జనం నన్ను యాదగిరి అంటున్నరు. గీ కొలువు పోతే మళ్ల పటేలు పశువుల దొడ్లెకే పోవాలె, మళ్ల యాదిగాన్నే కావాలె. గది నాతోని అయితదా? చచ్చినా కాదు!

ఇగ అసలు కత. పోయిన వానకాలం, నేనింక పటేలు దగ్గర కూలికున్నప్పుడు, మంత్రి గారు చెట్ల పండుగకు మా ఊరికొస్తున్నడని కబురొచ్చింది. వెయ్యి మొక్కలు పెట్టుమని పటేలుకు ఎన్నడో ఆర్డరొచ్చి ఉండె. ఆయన "పెట్టిన" అని రాసి పంపిండు. ఒక్కటి పెట్టలే! మంత్రి రేపొస్తడనంగ కూలోల్లందర్ని పిలిచి, "కొమ్మలు నరుకుర్రి, మైదానంల వరుసగ గుచ్చుర్రి, చెట్ల లెక్క కనవడాలె" అన్నడు. వేప, కానుగ, చింత, ఏది దొరికితే గది నరికినం. పొద్దంత నడుములు పడిపోయేదాక గుచ్చినం. ఆఖరి వరుస మూలకు ఒక జాగా బోసిగ కనవడ్డది. నాకేమో పని సక్కగ లేకుంటె మనసున పట్టది. ఉరికి పోయి మా అవ్వ పెరట్ల మునగ కొమ్మ నరుక్కొచ్చి గాడ గుచ్చిన. మా అవ్వ నన్ను నాలుగు దినాలు తిట్టింది, "పచ్చటి చెట్టును నరికి పటేలుకు పెట్టినవురా, నీ చేతులిరగ!" అని.

మంత్రి వచ్చిండు. చూసిండు. ఖుషి అయిండు. ఫోటోకు నిలవడి ఒక చెట్టు మీద చెయ్యేసి ఆనుకున్నడు. చెట్టు చేతికొచ్చింది! పాపం, పెద్దమనిషి. దాన్ని పడెయ్యలేడు, మళ్ల గుచ్చలేడు. చేతుల పట్టుకోనే కారు దాక నడిచిండు. గా ఫోటో పేపర్ల పడ్డది. పటేలుకేమన్న అయిందా? ఏం కాలే. "ఆ దినం గాలి ఎక్కువుండె" అని రాసి పంపిండు, అయిపాయె. తెల్లారి మేకలొచ్చి ఆకులు తిన్నయి, ఆడోల్లు కట్టెలు పీకి పొయ్యిలకు పట్టుకపోయిన్రు. మైదానం మళ్ల మైదానమే.

ఇప్పుడు మా డేరా గా మైదానంలనే పడ్డది. నేనే మా సేటుకు చెప్పి తెచ్చిన, "సేటూ, మా ఊరోల్లు సినిమా అంటె పడి చస్తరు, నాది జిమ్మేదారి" అని. జాగా ఇచ్చేది సర్పంచు గద. పటేలు రెండు షరతులు పెట్టిండు. ఒకటి, ఫస్ట్ షోకు ఆయనే కొబ్బరికాయ కొట్టాలె, ఇంటోల్లతోని ముందటి కుర్చీలల్ల కూసోవాలె. రెండోది, రీలు మారినప్పుడల్ల ఆయన గురించి మైకుల చెప్పాలె. ఏం చెప్పాల్నో చిట్టి గూడ ఆయనే రాయించి ఇచ్చిండు. మా సేటు చిట్యాలాయన, మెత్తటి మనిషి. "సదువు యాదగిరీ, సదివితె మనదేం పోతది" అన్నడు. మనదేం పోతదో నాకేం ఎరుక?

సినిమా పేరు మాత్రం అడగకుర్రి, మళ్ల గదొక లొల్లి. బొమ్మ మీద కత్తి పట్టుకున్న రాజు, పూలతోటల రాణి. ఇగ జానపదమే అనుకున్నం. "కత్తి యుద్ధాలు! తోటల పాటలు! రాణి గారి సొగసు!" అని మూడు దినాలు గొంతు పోయేటట్టు ఒర్రిన. సినిమా చూసినవా అంటరా? నాకు చూసే తీరిక యాడిది? ఆట షురూ అయితె నేను గేటు కాడ టికెట్లు చింపుతుంట.

ఫస్ట్ షో. పటేలు కాయ కొట్టిండు. సేటు బంతిపూల దండేసిండు. ఆట నడుస్తుంది. నేను బయట టికెట్లు చింపుతున్న. లోపట జనం ఇరగబడి నవ్వుతున్నరు. "వా! కామెడీ బాగున్నట్టుందే" అని నాకు ఒకటే సంబురం.

లోపట ఏమైతుందో నాకు తర్వాత తెల్సింది. గా సినిమాల రాజు మంత్రిని పిలిచి "నాకు అడివి కావాలె" అంటడట. గా మంత్రి కొమ్మలు నరికిచ్చి బీడు భూమిల గుచ్చుతడట! రాణి పాట పాడుకుంట వచ్చి ఒక చెట్టు పట్టుకోని ఊగుతదట. చెట్టు చేతికొస్తదట! గామె దాన్ని యాడ పెట్టాల్నో తెల్వక, అంతఃపురం దాక చేతుల పట్టుకోనే నడుస్తదట! గాడికి మొదటి రీలు ఒడిసింది. సక్కగ గాడికే!

లైటు పడ్డది. నేను గేటు కాడికెల్లి ఉరికొచ్చి మైకు అందుకున్న. జేబుల చిట్టి తీసిన. రాగం తోని సదివిన, "మహాజనులారా! ఈ బీడు భూమిలో వెయ్యి చెట్లు నాటించి, మన గ్రామాన్ని నందనవనంగా మార్చిన మహానుభావులు, మన సర్పంచు గారు మన మధ్యనే కూర్చుని ఉన్నారు!"

ఇగ డేరా లేచిపోయిందనుకో! నేల టికెట్టోల్లు ఇసుకల దొర్లుతున్నరు. ఒకాయన రుమాలు నోట్లె కుక్కుకున్నడు. ఆడోల్ల దిక్కు తడికె అవతలకెల్లి ఒకామె "అయ్యో నా కడుపు, అయ్యో నా కడుపు" అంటున్నది. నేనేమనుకున్న? అబ్బ, ఎంత బాగ సదివిన్నో, ఇంకోపారి సదవాలె అనుకున్న. సదివిన! ఇంక గట్టిగ! "చప్పట్లు కొట్టుర్రి" అని గూడ అన్న. కొట్టిన్రు. మస్తు కొట్టిన్రు.

పటేలు మెడల దండ తెంపి నేలకేసి కొట్టి, లేచి పోయిండు. మా బడి పంతులు వచ్చి నా అంగి గుంజిండు. "ఓరి పిచ్చోడా, మనూరి సంగతి పేపర్ల పడ్డది గదరా. మద్రాసోల్లు గది చూసే గీ సినిమా తీసిన్రు. నెత్తికి కిరీటం పెట్టిన్రు, చేతికి కత్తిచ్చిన్రు, గంతే! కత మొత్తం మనదే!" అన్నడు. నేను చిట్టిని నలిపి జేబుల కుక్కుకున్న.

తెల్లారి పొద్దుగాల్నే పటేలు సేటును పిలిపించిండు. నన్ను గూడ. "ఏరా యాదిగా, నా ఇజ్జత్ తీస్తవా? ఇయ్యాల పొద్దుమూకేదాక టైమిస్తున్న. గా సినిమాకు నాకు ఏ సంబంధం లేదని చుట్టుపక్కల ఊర్లల్ల మైకుల చెప్పిరా. లేకుంటె డేరా పీకిపిస్త, నిన్ను మళ్ల దొడ్లె కట్టేస్త!" అన్నడు. సేటు నా దిక్కు చూసి, "యాదగిరీ, నా డేరా నిలవెట్టు నాయినా. నిలవెట్టకపోతె నీ తొవ్వ నువ్వు చూస్కో" అన్నడు. మరి చిట్టి రాయించింది ఎవరు? సదువుమన్నది ఎవరు? నేను సదివిన, గంతేగద! కని ఎవనికి చెప్పుకోవాలె.

బండి కట్టిన. మొదటి ఊర్లె షురూ చేసిన, "గీ సినిమాల ఉన్న మంత్రి మా సర్పంచు గాదు! రాణి పీకిన చెట్టుకు మా సర్పంచు చెట్లకు ఏ సంబంధం లేదు!" జనం బండి చుట్టు మూగిన్రు. "ఏ చెట్లు? ఏ సర్పంచు?" అని అడిగిన్రు. ఏది కాదో తెల్వాలంటె, ముందుగాల ఏమైందో చెప్పాలె గద? చెప్పిన. మొత్తం చెప్పిన. మంత్రి కారు దాక చెట్టు పట్టుకోని నడిచింది గూడ చెప్పిన. రెండో ఊర్లె నాకంటె ముందే కబురు పోయి ఉన్నది. మూడో ఊరు దాటేటాల్లకు నా ఎనక పది బండ్లు. కాలువ తవ్వేటోల్లు సుత గునపాలు భుజానేసుకోని వస్తున్నరు. నేనేమో "సంబంధం లేదు, సంబంధం లేదు" అని ఒర్రుకుంట డేరా దాక జాతరను తోలుకొచ్చిన!

పటేలు డేరా కాడనే నిలవడి ఉన్నడు. ఎనక ఇద్దరు జీతగాళ్లు. గంత మందిని చూసేసరికి ఆయన మొకం కందగడ్డ అయింది. "గుంజుర్రి తాళ్లు! పీకుర్రి గుంజలు!" అని అరిచిండు. గా ఇద్దరు ఎవరో తెల్సా? నాతోని కలిసి కొమ్మలు గుచ్చినోల్లే. తలలు దించుకోని నిలవడ్డరు. ఒక్కడు గూడ కదుల్తలేడు. పటేలు రోషానికొచ్చి, తువ్వాల నడుముకు చుట్టి, డేరా ఎనక మూలకున్న గుంజను తానే పట్టుకున్నడు. గుంజిండు. రాలే. రెండు చేతులతోని గుంజిండు. రాలే. మూడోపారి గుంజి ఎల్లెలుకల పడ్డడు.

అప్పుడు చూసిన నేను గా గుంజను. డేరా కట్టినోల్లు ఎవరిదో పాత గుంజ అనుకోని దానికే తాడు కట్టిన్రు. మునగ కట్టె పొయ్యిల మండదని ఆడోల్లు ఇడిచిపెట్టినట్టున్నరు, మేకలు గీకంగ గీకంగ మోడు లెక్కనే ఉన్నది. కని కొసకు పచ్చగ రెండు రెమ్మలు! ఆఖరి వరుస మూల! మా అవ్వ మునగ కొమ్మ!

నాకు ఇగ ఆగలే. మైకు నా చేతులనే ఉన్నది. "పటేలా! గది రాదు! మనం గుచ్చినయన్ని చేతికొచ్చినయి, గదొక్కటి రాదు. దానికి వేర్లున్నయి!"

మైదానమంత ఇన్నది. పటేలు మట్టి దులుపుకుంట లేచిండు. "ఏమన్నవురా యాదిగా?" అన్నడు.

"యాదగిరి అను పటేలా! గీ చేతులతోనే గుచ్చిన నేను, అన్ని కొమ్మలే. గా సినిమా మనదే. అబద్ధం మైకుల చెప్పుమన్నవు, పొద్దటికెల్లి చెప్పిన, ఒక్కడన్న నమ్మిండా? డేరా కూలగొడ్తె కూలగొట్టు. నేను మాత్రం మళ్ల నీ దొడ్లెకు రాను!"

సేటు కండ్లు మూసుకున్నడు. పటేలు నా దిక్కు చూసిండు, జనం దిక్కు చూసిండు. ఆ తర్వాత వంగి గా రెండు రెమ్మల దిక్కు చూసిండు. చాన సేపు చూసిండు. లేచి, తువ్వాల భుజం మీదేసుకోని, మీసం దువ్వి, "చూసిన్రా?" అన్నడు. "నేను పెట్టిచ్చిన చెట్టు! వేర్లు లేవన్నోడు ఎవడు? వచ్చి పీకుమనుర్రి!" సేటు దిక్కు తిరిగి, "తాడు ముట్టకుర్రి, చెట్టు కదుల్తది. డేరా గట్లనే ఉండనియ్యి" అన్నడు.

గట్లున్నయి ఆయన తెలివితేటలు! ఇప్పుడు దినాం పొద్దుమూకంగ ఎవరో ఒకర్ని తోలుకొచ్చి గా చెట్టు చూపిస్తడు. మా అవ్వ ఊకుంటదా? పొద్దుగాల్నే గంప పట్టుకొచ్చి, "నా పెరట్ల చెట్టుకు నీ పేరేంది పటేలా" అని అడిగి మరీ ఉన్న నాలుగాకులు దూసుకపోతది. డేరా నిలిచింది, నా కొలువు నిలిచింది. మొన్న పటేలే నన్ను "ఓ యాదగిరీ" అని పిలిచిండు. మీతోడు, అబద్ధమైతె అడుగుర్రి!

కని ఒక్కదానికే సిగ్గయితది నాకు. వెయ్యి దొంగ చెట్లు పెట్టుమని ఒక్క దినం కూలికి పిలిస్తె, గా దొంగ పని గూడ సక్కగ చాతకాలే నాతోని. ఒకటి బతికింది!