సంత రోజు బస్సు, ఖాసిం సాబు వేళ్ళు

మా డాక్టరుగారి పరిశోధన వ్యాసం అచ్చయి ప్రొద్దుటూరు వచ్చిన రోజు పొంగిపోయాను. కుష్ఠు నరాల్ని ఎలా చంపుతుందో రాశారు. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచీ ఆయన జమ్మలమడుగు సత్రంలో ప్రతి సంత రోజూ రోగుల్ని చూస్తున్నారు. రిజిస్టరు రాసే కాంపౌండర్ని నేను. చివరి పేజీ చదివేసరికి ఒళ్ళు మండింది. పులివెందుల వైపు రోగులు మూఢనమ్మకంతో మందు మానేశారట! దానికి ఆధారం నా రిజిస్టరే. గైర్హాజరు అని రాసిన వాళ్ళలో మొదటి పేరు దర్జీ ఖాసిం సాబుది. బతిమాలి మందు అడిగిన మనిషి ఎందుకు మానతాడు? కనుక్కుందామని మర్నాడే బయల్దేరాను.

ప్రొద్దుటూరులో ఏడింటి బస్సుకు టికెట్టు ఆరణాలు. ఎనిమిదికి జమ్మలమడుగులో దిగాను. ఖాసిం కోసం కట్టిపెట్టిన మాత్రలు సత్రం బీరువాలో అలాగే ఉన్నాయి, తీసుకున్నాను. ముద్దనూరులో బస్సు మారాలి, గంటన్నర ఆగాలి. అక్కడే బొరుగుల ఉగ్గాని తినండి, మళ్ళీ దారిలో ఏమీ దొరకదు. గతుకుల రోడ్డు మీద పులివెందుల చేరేసరికి ఒంటిగంట దాటింది.

ఖాసిం అంగట్లోనే ఉన్నాడు. కుడిచేతి చివరి రెండు వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. చిటికెన వేలి మీద ఇస్త్రీపెట్టె కాలిన పుండు. కాలినట్టు అతనికి తెలియనే లేదట.

"ఎందుకు రాలేదు సాబూ?" అన్నాను.

"రాలేదని ఎవురు చెప్పింది? రెండుతూర్లు బయల్దేరినా. సంత రోజు బస్సు కిక్కిరిసి ఉంటాది గదప్పా. ముద్దనూర్లో రెండో బస్సు ఎక్కితే నా చెయ్యి చూసి జనం అరిచినారు, కండక్టరు ఆడనే దించేసినాడు. ఆడనుంచి నడిచొచ్చేతలికి మీరు బీగం ఏసుకొని పోయినారు. మూడోతూరి యాడ వచ్చేది?"

జనం ఎలాగూ ఊరికి వస్తారని సంత రోజు శిబిరం పెట్టుకున్నాం. బస్సు ఎవరిని ఎక్కనిస్తుందో ఒక్కరమూ అడగలేదు. మోచేతి దగ్గర నరం ఎంత లావైందో వేలితో తడిమి చూసి రాసుకున్నాం గానీ, మనిషి ఎలా వస్తాడో రాసుకోలేదు. సిగ్గేసింది. వ్యాసంలోని ఆ ముక్క చదివి వినిపించాను.

"దాంట్లో నా పేరుండాదా?"

"లేదు, నంబరే."

"మేలు. అబద్ధం పక్కన నా పేరు లేదు." మాత్రలు అందుకున్నాడు. "ఇవి మింగితే మళ్ళా గుండీల కాజాలు కుడతానా అప్పా?"

"ఆ రెండు వేళ్ళూ కష్టం సాబూ. మిగతావి నిలబడతాయి."

అతను ఎడమచేత్తో సూదికి దారం ఎక్కించుకున్నాడు.

తప్పు నాదేనని, ఆ ముక్క దిద్దమని డాక్టరుగారికి ఉత్తరం రాశాను. అచ్చయిన మాట మార్చడం కుదరదని జవాబొచ్చింది. ఇంతకంటే అన్యాయం ఉంటుందా? శిబిరాన్ని మాత్రం సంత మర్నాటికి మార్చారు. మొదటి రోజే ఖాసిం వచ్చాడు, నేను రిజిస్టరులో అతని పేరు పెద్ద అక్షరాలతో రాశాను. మూడేళ్ళు ఆ రోడ్డు పక్కనే బతికి, ఒక్కసారైనా సంత రోజు ఆ బస్సెక్కి చూడనందుకు నామీద నాకే కోపం. ఆ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. వేళ్ళు చూసి ఎవరినైనా ముద్దనూరులో దించేస్తుంటే మీరూ దిగండి. గంటన్నరకు ఇంకో బస్సుంది.